ప్రామాణిక ఉద్యోగి గవర్రాజు

ఆ ఏడు తొలకరికి గోదావరి మండల విత్తన గిడ్డంగుల సంస్థ అమ్మిన వరి విత్తనాల్లో సగం మొలవలేదు. రైతులు మిగిలిన విత్తనాలను ట్రాక్టర్ల మీద తెచ్చి సంస్థ గేటు ముందు గుమ్మరించి, అనాల్సిన నాలుగు మాటలూ అని వెళ్లిపోయారు. రెండు వానలు పడ్డాక ఆ కుప్పలో కొన్ని మొలకెత్తాయి కూడా. కానీ అప్పటికే విచారణ సంఘం వేసేశారు కాబట్టి ఆ మొలకలను ఎవరూ పరిగణనలోకి తీసుకోలేదు.

విత్తనాలు ఎందుకు మొలవలేదో సంస్థలో స్వీపరు నుంచి అకౌంటెంటు దాకా అందరికీ తెలుసు. నాలుగో నంబరు గోదాము కప్పుకి మూడేళ్లుగా చిల్లులు. మొలక పరీక్ష చేసే గదిలో ఏసీ ఉంది గాని, రోజూ పదకొండు నుంచి మూడు దాకా కరెంటు ఉండదు. జనరేటరు ఇప్పించమని ఆ గది అసిస్టెంటు మంగతాయారు ఏడు అర్జీలు పెట్టింది. అయితే విచారణ సంఘం వారు వచ్చిన రోజున వాన పడలేదు, కరెంటూ పోలేదు. అందువల్ల లోపం వస్తువుల్లో లేదనీ, ఉద్యోగుల పనితీరులో ఉందనీ, అది ఏ రకం లోపమో శాస్త్రీయంగా తేల్చవలసి ఉందనీ రాసి, సంతకాలు చేసి, భోజనాలు చేసి వెళ్లారు.

శాస్త్రం హైదరాబాదు నుంచి వచ్చింది. ఒక సలహాల కంపెనీ వారు తయారుచేసిన దాని పేరు ‘పనితీరు నిదాన పరికరం’. పరికరమంటే తొంభై ఆరు ప్రశ్నలున్న కాగితాల కట్ట. ‘పొద్దున లేవగానే సంస్థ లక్ష్యాలు నా కళ్లముందు కదులుతాయి’, ‘పై అధికారి కోపంలో నాకు మార్గదర్శనం కనిపిస్తుంది’ లాంటి వాక్యాలుంటాయి. ఒక్కోదాని కింద పూర్తిగా అంగీకరిస్తాను, కొంత అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అసలు అంగీకరించను అని ఐదు గళ్లు. గళ్లు నింపి కంప్యూటరుకి ఇస్తే అది ఆ ఉద్యోగికున్న జబ్బు పేరు అచ్చువేసి ఇస్తుంది. జబ్బులు మొత్తం తొమ్మిది. ప్రేరణ మాంద్యం, ఉత్సాహ అతిసారం, బాధ్యతా వాపు, లక్ష్యదృష్టి దోషం, ఇలా.

నిదానమంటే రోగం కనిపెట్టడమని అధికారులు అనుకున్నారు. హమాలీలు మాత్రం పని నెమ్మదిగా చేయమన్నారని అనుకుని, ఆ వారం నుంచే అమలుచేశారు.

అంతా సిద్ధమయ్యాక సచివాలయం నుంచి ఒక కాగితం వచ్చింది. ‘సదరు పరికరము విశ్వసనీయమైనదేనని తూనికలు కొలతలలో అనుభవముగల ఉద్యోగి ధ్రువీకరించిన పిమ్మట మాత్రమే దాని ఫలితములపై చర్యలు గైకొనవలెను’ అని అందులో ఉంది. మానవ వనరుల విభాగానికి అధిపతి అవసరాల భానోజీరావుగారు నాలుగు వందల మంది ఉద్యోగుల ఫైళ్లు తిరగేయించారు. ‘తూనిక’ అన్న మాట ఒకే ఒక్క ఫైలులో దొరికింది. అది లారీల కాటా చూసుకునే పోలిశెట్టి త్రిమూర్తులుది.

త్రిమూర్తులు ఇరవై ఆరేళ్లుగా గేటు పక్క గదిలో కూర్చుని లారీలు తూస్తున్నాడు. లారీ నిండుగా వచ్చినప్పుడొకసారి, ఖాళీగా పోయేటప్పుడొకసారి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు గాని, డ్రైవరు క్లీనర్ని కాటా దగ్గర దించకుండా క్యాబిన్‌లో దాచినా, టైర్ల మధ్య రాయి ఇరికించినా, చక్రం చప్పుడు విని చెప్పేసేవాడు. అతనికి తన పనంటే ఒక లెక్క. ఆ లెక్కను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి అతనూ చెప్పలేదు.

భానోజీరావుగారు కబురు పంపితే చేతులు తుడుచుకుంటూ వెళ్లి నిలబడ్డాడు.

“త్రిమూర్తులుగారూ, ఈ క్షణం నుంచి తమరు విశ్వసనీయతా నిర్ధారణాధికారి. అదనపు బాధ్యతలతో.”

“ఆయ్, అలాగేనండి. ఏం చెయ్యాలండి మరి?”

“ఈ పరికరం విశ్వసనీయమైనదని పరిశీలించి ధ్రువీకరించాలి.”

“కాదని తేలితేనండి?”

భానోజీరావుగారు కలం మూత పెట్టి, మళ్లీ తీసి, “ఆ అంశం ప్రస్తుతం పరిశీలనలో లేదు,” అన్నారు.

కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే త్రిమూర్తులు చేసే పని ఒక్కటే. ఒకే బరువును మూడుసార్లు ఎక్కించి దింపుతాడు. మూడుసార్లూ ఒకే అంకె రావాలి. ఈ పరికరాన్నీ అలాగే చూద్దామనుకున్నాడు. తూచడానికి ఒక మనిషి కావాలి. మధ్యాహ్నం క్యారేజీలు పంచుకు తినే మంగతాయారు అతని కళ్లముందు కనిపించింది. ఆమె ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఇంట్లో పదో తరగతి చదివే కూతురు, చేతిలో ఎప్పుడూ విత్తనాలు ఏరే పట్టకారు.

“మూడుసార్లు రాయాలా బాబాయ్‌గారూ?” అంది ఆమె. “ఒకసారి రాస్తేనే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు అందరూ.”

“నా కోసం రాసిపెట్టమ్మా. నీకేం నష్టం రాదు.”

తరవాత చాలాకాలం అతన్ని బాధపెట్టిన మాట అదే.

సోమవారం పొద్దున రాస్తే ఆమెకు ప్రేరణ మాంద్యమని వచ్చింది. అదే రోజు భోజనాలయ్యాక రాస్తే ఉత్సాహ అతిసారమని వచ్చింది. మంగళవారం రాస్తే ప్రధాన కార్యాలయంలో ఉండదగిన నాయకత్వ లక్షణాలు అణగారిపోయి ఉన్నాయని వచ్చింది.

“అదేంటమ్మా?” అని అడిగాడు త్రిమూర్తులు.

“ఏముందండీ, నిన్న పొద్దున్న బస్సులో నిడదవోలు నుంచీ నించునే వచ్చాను. మధ్యాహ్నం మీరు తెచ్చిన మావిడికాయ పప్పు తిన్నాను కదా, ప్రాణం లేచొచ్చింది. ఇవాళ మూడింటికి రావాల్సిన కరెంటు రెండింటికే వచ్చేసింది. ఏం రాశానో నాకే గుర్తులేదు.”

త్రిమూర్తులు తెల్లకాగితం మీద నివేదిక రాశాడు. ‘ఒకే మనిషిని మూడుసార్లు తూస్తే మూడు బరువులు వచ్చినవి. ఈ కాటా పనిచేయదు. బాగుచేసేవరకు వాడరాదు.’ ఇరవై ఆరేళ్లలో అతను రాసిన పొడవాటి రాత అదే.

భానోజీరావుగారు దాన్ని రెండుసార్లు చదివి, ఎంతో ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు అడిగారు.

“ప్రశ్నలు మారాయా?”

“లేదండి.”

“కంప్యూటరు మారిందా?”

“లేదండి.”

“మరి మూడు ఫలితాలకీ మధ్య మారినదెవరు?”

“తాయారమ్మండి. కానండి...”

“అదీ సంగతి. పరికరం నిశ్చలంగా ఉంది. ఉద్యోగి చలిస్తోంది. చలించే ఉద్యోగిని పట్టుకోవడమే పరికరం గొప్పతనం. మీరు తెలియకుండానే ఒక కొత్త రుగ్మతను కనుగొన్నారు త్రిమూర్తులుగారూ.”

వారం తిరక్కుండా జబ్బుల జాబితాలో పదోది చేరింది. దాని పేరు అస్థిరత. దానికి చికిత్స స్థిరీకరణ. అంటే రాష్ట్రం చివరనున్న ఇచ్ఛాపురం గోదాముకు బదిలీ. ధ్రువీకరణ పత్రం మీద త్రిమూర్తులు సంతకం పడిన మరునాటి నుంచి మంగతాయారు బదిలీ అమల్లోకి వస్తుందని ఉత్తర్వు అచ్చయింది.

ఆ కాగితం పట్టుకుని ఆమె కాటా గదికి వచ్చింది. ఏడవలేదు. స్టూలు మీద కూర్చుని, “మా పిల్ల పరీక్షలు మార్చిలో బాబాయ్‌గారూ,” అని మాత్రం అంది. త్రిమూర్తులు ఆ కాగితం తీసుకుని ఉత్తర్వు మళ్లీ చదివాడు. సంతకం చేయనంటే తనను తీసేసి ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. ఇంకొకడు మొదటిరోజే చేసేస్తాడు. ఎలాగైనా ఆలస్యం చేయాలి. ఆలస్యం చేయడానికి ఆఫీసులో పనికొచ్చేది ఏదో ఒక కొత్త అవసరం పుట్టించడమేనని ఇరవై ఆరేళ్లు చూసి నేర్చుకున్నాడు.

మర్నాడు వెళ్లి భానోజీరావుగారితో అన్నాడు.

“అయ్యా, కాటాని ధాన్యం బస్తాతో పరీక్ష చెయ్యకూడదండి. బస్తా తేమ పీల్చుకుంటుంది, ఆరుతుంది, మారిపోతుంది. అందుకే ప్రభుత్వం ముద్ర వేసిన ఇనప బరువులుంటాయండి, ఇరవై కేజీలవి. వాటితోనే చూడాలి. అలాంటిదేదీ లేకుండా నేను సంతకం పెడితే రేపు ఆడిట్‌లో మిమ్మల్ని అడుగుతారండి.”

ఆడిట్ అన్న మాట గదిలో కాసేపు తిరిగింది. భానోజీరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కళ్లలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూడగానే తాను ఏదో తప్పు చేశానని త్రిమూర్తులుకి అనిపించింది.

“అంటే మనకు కావలసింది, ఒక ప్రామాణిక ఉద్యోగి.”

“నేనలా అన్లేదండి.”

“మీరన్నది అదే. ఆ బరువుల్ని ఎలా భద్రపరుస్తారు? చెప్పండి, రాసుకుంటాను.”

త్రిమూర్తులు అబద్ధం చెప్పే మనిషి కాదు. అందులోనూ తన పని గురించి అస్సలు చెప్పలేడు. “గుడ్డ చుట్టి చెక్కపెట్టెలో పెడతామండి. తేమ తగలనివ్వం. ఉత్త చేత్తో ముట్టుకోం. వాడితే అరిగిపోతుంది గనక రోజువారీ పనికి వాడం,” అన్నాడు. భానోజీరావుగారు అన్నీ రాసుకున్నారు. సోమవారానికి అది పదకొండు పేజీల సర్క్యులరుగా బయటికి వచ్చింది.

ప్రామాణిక ఉద్యోగిగా గోనెసంచుల స్టోరు గుమస్తా దొమ్మేటి గవర్రాజు ఎంపికయ్యాడు. పంతొమ్మిదేళ్లుగా అతని వార్షిక రహస్య నివేదికలో ‘సంతృప్తికరము’ అన్న ఒకే మాట ఉంది. నిజానికి ఆ పంతొమ్మిదేళ్లూ టైపు చేసినవాడు ఒకడే, వాడు పాత కాగితం చూసి కొట్టేవాడు. కానీ ఇంతటి నిలకడ సంస్థ చరిత్రలో మరెవరికీ లేదని సెలక్షను కమిటీ మెచ్చుకుంది.

గవర్రాజును తెలిసినవాళ్లు విస్తుపోయారు. అతను ఒకచోట నిలిచే మనిషి కాదు. సంచులు లెక్కపెడుతూ మాట్లాడతాడు, మాట్లాడుతూ నవ్వుతాడు, హమాలీలు తక్కువైతే లుంగీ ఎగ్గట్టి తనే బస్తా ఎత్తుతాడు. ఎంపికైన రోజున ఊరంతా లడ్డూలు పంచాడు. “పెమోషనంట అన్నయ్యా,” అని త్రిమూర్తులు నోట్లో ఒకటి పెట్టాడు. త్రిమూర్తులు దాన్ని నమలకుండా బుగ్గన పెట్టుకున్నాడు.

ఆఫీసు వరండా చివర గాజు పలకలతో గది కట్టారు. లోపల ఉష్ణోగ్రత ఎప్పుడూ ఇరవై నాలుగు డిగ్రీలుండాలి. సంస్థలో ఏసీ ఒకటే ఉంది కాబట్టి మొలక పరీక్ష గదిలోది పీకి అక్కడ బిగించారు. కరెంటు పోతే గవర్రాజుకి చెమట పడుతుందని, చెమట పడితే ప్రమాణం తగ్గుతుందని, ఒక్క అర్జీ లేకుండా జనరేటరు తెప్పించారు. మంగతాయారు తన గది కిటికీలోంచి ఆ జనరేటరు దిగడం చూసింది. “మూడేళ్లయింది దీని కోసం,” అంది పక్కనున్న త్రిమూర్తులుతో. “ఉంది కదండీ లోకంలో. నేను అసలు లేదేమో అనుకున్నాను.”

గవర్రాజు చేయకూడనివి చాలా ఉన్నాయి. పని చేయకూడదు, అరుగుతాడు. పేపరు చదవకూడదు, అభిప్రాయాలు చేరతాయి. ఎవరితోనూ నవ్వకూడదు. రోజూ ఒకే కూర, బీరకాయ. సాయంత్రం ఇంటికి వెళ్లవచ్చుగాని అక్కడ జరిగినవి మర్నాడు వాచ్‌మనుకి రాసివ్వాలి. శుక్రవారం శుక్రవారం త్రిమూర్తులు నూలు తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లి, ప్రమాణం నిలకడగా ఉందని రిజిస్టరులో సంతకం చేయాలి.

గవర్రాజు చేతికి పరికరం ఇచ్చినప్పుడు, “ఏం రాయమంటావన్నయ్యా?” అని అడిగాడు.

“నాకేం తెలుసురా. నిజం రాయి.”

“నిజవంటే ఎవరికైనా కోపవొస్తదేమో.” బాగా ఆలోచించి తొంభై ఆరింటికీ మధ్య గడిలో ‘చెప్పలేను’ అని టిక్కు పెట్టాడు. కంప్యూటరు గడగడలాడి ‘లోపము లేదు. ఉన్నత బాధ్యతలకు అర్హత కలదు’ అని అచ్చువేసింది. మొట్టమొదటి ఆరోగ్యవంతుడు దొరికాడు. ఇకమీదట గవర్రాజుకి ఎవరు ఎంత దూరంలో ఉంటే వాళ్లకు అంత జబ్బు ఉన్నట్టని ఉత్తర్వు వెలువడింది.

దాంతో సంస్థ మొత్తం మారిపోయింది. గవర్రాజు బస్తా ఎత్తడు కాబట్టి, ఎత్తినవాడికి పదకొండో జబ్బు అధిక పనితీరు రుగ్మత అంటగట్టారు. హమాలీలు బస్తా మీద చెయ్యి వేసేముందు ఒకసారి గాజుగది వైపు చూసి చెయ్యి తీసేసేవారు. డ్రాఫ్టులు రాసే గుమస్తాలు ‘చెప్పలేను’ అనే మాటతో మొదలుపెట్టి దానితోనే ముగించేవారు. క్యాంటీనులో బీరకాయకి గిరాకీ పెరిగింది. రబీ విత్తనాల లారీలు దించేవాళ్లు లేక గేటు దాటి, రోడ్డు మలుపు దాటి, పెట్రోలు బంకు దాకా బారులు తీరాయి. మొలక గదిలో ఎండకి ట్రేలలో గింజలు ఉడికినట్టయ్యాయి. మంగతాయారు తడిగుడ్డలు కప్పి, గంటగంటకీ మారుస్తూ, వాటిని బతికించుకుంటోంది. ఆ కారణంగా ఆమెకు అధిక పనితీరు రుగ్మత కూడా చేరింది.

నవంబరులో గవర్రాజు కూతురికి ఓణీల ఫంక్షను పెట్టుకున్నారు. రెండు రోజుల సెలవుకి అర్జీ పెట్టాడు.

“వేడుకల్లో ఉద్వేగం జనిస్తుంది,” అన్నారు భానోజీరావుగారు. “ఉద్వేగం జనించిన పిదప మనం ఏ ప్రమాణంతో కొలుస్తాం? అర్థం చేసుకోవాలి. ఇది వ్యక్తిగతం కాదు.”

ఫంక్షను రోజు పదింటికి గవర్రాజు భార్య సత్యవేణి కూతుర్ని ఆటోలో తీసుకొచ్చింది. పిల్ల ఆకుపచ్చ పరికిణీ, పసుపు ఓణీ కట్టుకుని, జడలో కనకాంబరాలతో గాజు పలక ముందు నిలబడి నాన్న వైపు చూసింది. త్రిమూర్తులు అప్పుడే రిజిస్టరుతో వచ్చి, తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపల గవర్రాజు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. వాచ్‌మన్ చేతిలో కాగితం ఉంది. గవర్రాజు మొహంలో ఏమీ కదల్లేదు. కళ్లు మాత్రం ఆగలేదు. పిల్ల ఒకసారి చుట్టూ తిరిగి ఓణీ చూపించింది. తరవాత సత్యవేణి దాని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

“అన్నయ్యా,” అన్నాడు గవర్రాజు, త్రిమూర్తులు లోపలికి వెళ్లాక, పెదాలు కదపకుండా. “ఓ బస్తా ఉంటే తెచ్చి నా బుజం మీద పడెయ్యవా. నేనేవైపోతన్నానో నాకు తెలత్తల్లేదు.”

“ఏడవకు. వాడు రాస్తున్నాడు.”

“ఏడుపు కాదులే. ఏసీ నీళ్లు.”

ఆ శుక్రవారం త్రిమూర్తులు రిజిస్టరులో సంతకం చేయలేదు. కాటా గదికి వచ్చి కూర్చుని, ఇదంతా తన నోట్లోంచి వచ్చిన మాటలతోనే కట్టారని, గాజుగదికి ఒక్కో పలకా తానే అందించానని అనుకున్నాడు. వచ్చే బుధవారం సచివాలయం నుంచి కార్యదర్శిగారు స్వయంగా పరికరం విశ్వసనీయతను చూసి పోవడానికి వస్తున్నారు. ఆవిడ ముందు తాను ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టాలి. ఇక ఆలస్యం చేయడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేదేదో అందరి ముందూ చెప్పేయాలని నిశ్చయించుకున్నాక అతనికి ఆకలి వేసింది.

బుధవారం సమావేశ మందిరం నిండిపోయింది. కార్యదర్శిగారు పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. వాచీ చూసుకుంటూ వచ్చారు, వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. గవర్రాజును గొడుగు పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. మూడుసార్లు పరికరం ఇచ్చారు. మూడుసార్లూ ‘చెప్పలేను’, మూడుసార్లూ ‘లోపము లేదు’. చప్పట్లు కొట్టారు.

“నూటికి నూరుపాళ్ల విశ్వసనీయత,” అన్నారు భానోజీరావుగారు. “దేశంలో మరే విత్తన సంస్థకూ లేనిది. ఇప్పుడు మన నిర్ధారణాధికారి సంతకం చేస్తారు.”

త్రిమూర్తులు లేచి, కార్యదర్శిగారికి దణ్ణం పెట్టాడు. “అమ్మా, ముల్లు ఇరుక్కుపోయిన కాటా కూడా మూడుసార్లూ ఒకే అంకె చూపిస్తుందండి. దాన్ని మంచి కాటా అనరండి. నాకు ఐదు నిమిషాలిప్పించండి.”

బయటికి వెళ్లి, గుడ్డ చుట్టిన ఇరవై కేజీల ఇనప బరువును భుజాన వేసుకొచ్చాడు. గవర్రాజు పక్కన ఖాళీ కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, గుడ్డ విప్పాడు. పరికరం తీసి మొదటి ప్రశ్న బరువుకు గట్టిగా చదివి వినిపించాడు. కాసేపు ఆగాడు.

“ఇది చెప్పలేదండి. అందుకని ‘చెప్పలేను’ అని రాస్తున్నాను.”

తొంభై ఆరింటికీ అలాగే రాసి కంప్యూటరులో పెట్టించాడు. కంప్యూటరు గడగడలాడింది. కాగితాన్ని కార్యదర్శిగారి చేతికే ఇచ్చారు. ఆవిడ పైకి చదివారు. “లోపము లేదు. ఉన్నత బాధ్యతలకు అర్హత కలదు.”

భానోజీరావుగారి మొహం తెల్లబడింది. వెనక వరసలో మంగతాయారు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక చూడగల వాళ్లు చూస్తారు అనుకుని త్రిమూర్తులు చేతులు కట్టుకున్నాడు.

కార్యదర్శిగారు బరువు వైపు చాలాసేపు చూశారు.

“దీనికి సెలవులు ఇవ్వాలా?” అని అడిగారు.

“అక్కర్లేదండి.”

“ఏసీ?”

“అక్కర్లేదండి. గుడ్డ చాలండి.”

“కుటుంబం?”

త్రిమూర్తులు గవర్రాజు వైపు చూశాడు.

“చూశారా భానోజీరావుగారూ,” అన్నారు ఆవిడ. “మీరు గది కట్టించి, జనరేటరు పెట్టి, ఒక గుమస్తాను కూర్చోబెట్టి చేస్తున్న పని ఇది ఊరికే చేస్తోంది. ఆదా అంటే ఇదీ. ఈ ఆలోచన మీదేనా?”

భానోజీరావుగారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. “మా విభాగానిదండి,” అన్నారు. “త్రిమూర్తులుగారు నా మార్గదర్శనంలోనే...”

“వెంటనే నియామక ప్రతిపాదన పెట్టండి. నేను నాలుగింటికి బయల్దేరాలి.”

త్రిమూర్తులు చూపించింది ఎవరూ చూడలేదు. అందరూ బరువునే చూశారు. కానీ అంతలోనే అతనికి ఇంకో సంగతి తట్టింది. కార్యదర్శిగారు నాలుగింటికి వెళ్లిపోవాలి. అంటే ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం చేస్తారు. కాగితం రాయాల్సింది తానే.

కాటా గదిలో మంగతాయారు చెబుతుంటే అతను రాశాడు. ఎనిమిది పేరాలు బరువును పొగడడానికి సరిపోయాయి. తొమ్మిదో పేరాలో తన వృత్తిలో నిజంగా ఉన్న నిబంధననే రాశాడు. ‘ప్రమాణము మారినందున, కొత్త ప్రమాణమునకు పూర్వము వెలువడిన సమస్త నిదానములు, తదాధారముగా జరిగిన బదిలీలు మొదటినుండి లేనివిగా భావించవలెను.’

“తదాధారముగా అనాలా, తదనుసారముగా అనాలా?” అన్నాడు త్రిమూర్తులు.

“ఏదైనా రాయండి బాబాయ్‌గారూ. అర్థం కాకపోతే చాలు.” “పదో పేరా కూడా వెయ్యండి. కొత్త ప్రమాణమునకు శీతలీకరణ అనవసరమైనందున ఏసీ, జనరేటరు పూర్వ స్థానమునకు... జనరేటరు పూర్వం మన గదిలో లేదు కదండీ?”

“పూర్వం ఉండాల్సింది,” అని త్రిమూర్తులు ‘మొలక పరీక్షా గదికి తరలించవలెను’ అని రాసేశాడు.

మూడు యాభైకి కార్యదర్శిగారు కారు తలుపు తెరిచి ఉండగానే సంతకం చేశారు. దాని కింద భానోజీరావుగారు చేశారు. ధ్రువీకరణ పత్రం సంగతి ఆ హడావుడిలో అందరూ మరిచిపోయారు.

గవర్రాజు గాజుగది లోంచి బయటపడి ఇంటికి పోలేదు. తిన్నగా గేటు దగ్గరున్న లారీ దగ్గరికి పోయి, చొక్కా విప్పి, వరసగా ఏడు బస్తాలు దింపాడు. ఒక్కో బస్తాకీ ఒక్కో కబురు చెప్పాడు. రెండు నెలలుగా పేరుకున్న మాటలన్నీ అయ్యేసరికి లారీ ఖాళీ అయింది. ఆ ఆదివారం ఇంట్లో మళ్లీ ఓణీ కట్టించి, వీధి వీధంతటికీ భోజనాలు పెట్టాడు. బీరకాయ వండనివ్వలేదు.

రబీకి నాలుగో గోదాములో కాకుండా వేరే చోట దాచిన విత్తనాలు, నిండా కరెంటున్న గదిలో పరీక్షకు నిలిచినవి, నూటికి తొంభై పైగా మొలిచాయి. పరికరం వల్లే ఇది సాధ్యమైందని వార్షిక నివేదికలో రంగుల బొమ్మలతో వేశారు. రిపబ్లిక్ దినోత్సవాన ఇనప బరువుకు ఉత్తమ ఉద్యోగి శాలువా కప్పారు. శాలువా మంచి మందంగా ఉందని, తేమ తగలదని, త్రిమూర్తులు దాన్ని తీయకుండా అలాగే ఉంచాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు పన్నెండింటి వేళ భానోజీరావుగారు కాటా గదికి వచ్చారు. ఇన్నేళ్లలో ఆయన గేటు పక్కకి కారు దిగి రావడం అదే మొదటిసారి. త్రిమూర్తులు స్టూలు తుడిచి వేశాడు. ఆయన కూర్చోకుండా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీశారు. తొమ్మిదున్నాయి.

“నేను కూడా పరికరం నింపాను,” అన్నారు మెల్లగా. “గది తలుపు వేసుకుని. తొమ్మిదిసార్లు. తొమ్మిది రకాల జబ్బులు వచ్చాయి. మా ఇంట్లో కూడా చెప్పలేదు.”

త్రిమూర్తులు కాగితాలు తిరగేసి తిరిగి ఇచ్చాడు.

“మీరు కొలతల మనిషి. దాచకుండా చెప్పండి. పరికరం మంచిదేనా?”

“పని చెయ్యదండి.”

“ఎప్పటి నుంచీ?”

“మొదట్నుంచీనండి. మొదటి రోజే రాసిచ్చాను.”

“చదివాను,” అన్నారు ఆయన. స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు కాటా మీది ఖాళీ ఇనప పలకను చూశారు. “అయితే నాకేం జబ్బు లేదంటారా?”

“అది నాకు తెలీదండి. నేను లారీలు తూచేవాణ్ణి. తమరు పొద్దుట్నుంచీ ఏం పని చేశారండి ఇవాళ?”

భానోజీరావుగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. రెండు సమావేశాలని అనబోయి ఆగారు. ఏదో గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు నుదురు ముడిచారు. అలా ముడిచి ఉండగానే హారను మోగింది. కొవ్వూరు వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి కాటా మీదికి ఎక్కి ఆగింది.

“క్లీనరు కిందికి దిగాడో లేదో చూసొస్తానండి. కాస్త ఆ అంకె చూసి చీటీలో రాయగలరా?” అని త్రిమూర్తులు బయటికి పోయాడు.

తిరిగి వచ్చేసరికి భానోజీరావుగారు కోటు విప్పి త్రిమూర్తులు కుర్చీకి తగిలించారు. కళ్లద్దాలు సర్దుకుని, అంకె వైపు చూసి, చీటీ వైపు చూసి, మళ్లీ అంకె వైపు చూశారు. పద్నాలుగు వేల మూడు వందల ఎనభై. గుండ్రటి అంకెలతో రాసి, కింద పొడి అక్షరాల సంతకం చేసి, డ్రైవరు చేతికి ఇచ్చారు. డ్రైవరు చూసుకుని, తల ఊపి, చీటీ జేబులో పెట్టుకుని లారీ ముందుకు దూకించాడు.

ఆ చీటీ పోయిన వైపే ఆయన కొంతసేపు చూశారు.

“త్రిమూర్తులుగారూ,” అన్నారు. “వెనకాల ఇంకో లారీ ఏమైనా ఉందా?”